గేమ్ ఆడాలంటే వయసు రుజువు చూపించాల్సిందే.. మరి ఆ రుజువు ఎవరి దగ్గర ఉంటోంది?

పదేళ్ల పిల్లాడు ఫోన్‌లో కొత్త గేమ్ డౌన్‌లోడ్ చేస్తాడు. పుట్టిన సంవత్సరం అడిగితే 2000 అని నొక్కేస్తాడు. అంతే.. గేమ్ లెక్కలో ఆ పిల్లాడు పెద్దవాడైపోయినట్టే! ఇన్నేళ్లూ కథ ఇలాగే నడిచింది. ఇప్పుడు సీన్ మారుతోంది. కెమెరా ముందు ముఖం చూపించమని కొన్ని కంపెనీలు, గుర్తింపు కార్డు ఫొటో పెట్టమని మరికొన్ని అడుగుతున్నాయి. ఇదంతా పిల్లల భద్రత కోసమే అంటున్నాయి. మరి భద్రత కోసం ఇచ్చిన ఆ కార్డు ఫొటోనే దొంగల చేతికి చిక్కితే? ఇది ఊహ కాదు.. 2025లో నిజంగానే జరిగింది. గేమింగ్ కంపెనీలు, ప్రైవసీ చుట్టూ నడుస్తున్న ఈ చర్చ ఏంటో చూద్దాం.

గేమ్‌కు మన గురించి ఏమేం తెలుస్తాయి?

ఫ్రీ గేమ్ అంటే డబ్బులు తీసుకోదు, నిజమే. కానీ సమాచారం మాత్రం తీసుకుంటుంది. ఏ ఫోన్ వాడుతున్నారు, ఐపీ అడ్రస్‌ను బట్టి దాదాపు ఏ ఊళ్లో ఉన్నారు, రోజులో ఏ టైమ్‌కి ఆడుతున్నారు, ఏ లెవెల్‌లో ఆగిపోయారు, ఎప్పుడు డబ్బు పెట్టి కాయిన్స్ కొన్నారు.. ఇవన్నీ రికార్డ్ అవుతాయి. చాట్ ఉన్న గేమ్ అయితే ఎవరితో మాట్లాడారన్నది కూడా తెలుస్తుంది.

ఇందులో కొంత అవసరమే. గేమ్ ఎక్కడ ఆగిపోతోందో, ఎవరు మోసం చేసి గెలుస్తున్నారో తెలియాలంటే సమాచారం ఉండాలి. 2020లో వచ్చిన వాలొరెంట్ గేమ్‌తో పాటు వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ కూడా కంప్యూటర్‌లోకి వస్తుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొర దాకా వెళ్లి పనిచేస్తుంది. మోసగాళ్లను పట్టుకోవాలంటే ఇదే దారి అని కంపెనీ వాదన. ఒక ఆట కోసం కంప్యూటర్ మొత్తానికి తాళంచెవి ఇవ్వాలా అన్నది అటువైపు వాదన. రెండింటిలోనూ పాయింట్ ఉంది. అందుకే ఈ గొడవ ఇప్పటికీ తెగలేదు.

మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గిన బ్లిజార్డ్

గేమింగ్‌లో అసలు పేరు చెప్పాలా వద్దా అన్న పంచాయితీ కొత్తదేం కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ తీసిన బ్లిజార్డ్ 2010 జూలైలో ఒక ప్రకటన చేసింది. తమ చర్చా వేదికల్లో రాసేవాళ్లంతా అసలు పేరుతోనే కనిపించాలని చెప్పింది. పేర్లు దాచుకోవడం వల్లే బూతులు, బెదిరింపులు పెరిగిపోతున్నాయన్నది కంపెనీ లెక్క.

ఆటగాళ్లు ఒక్కసారిగా భగ్గుమన్నారు. అసలు పేరు బయటపడితే అమ్మాయిలను ఇంటి దాకా వెంబడించే వాళ్లు ఉంటారని, ఉద్యోగం ఇచ్చేవాళ్లు పేరు వెతికి మరీ చూస్తారని గట్టిగా చెప్పారు. సరిగ్గా మూడు రోజులకే కంపెనీ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. పెద్ద కంపెనీ అయినా జనం గట్టిగా నిలబడితే దిగి వస్తుందని చెప్పడానికి ఈ ఘటన ఇప్పటికీ మంచి ఉదాహరణ.

దక్షిణ కొరియాలో ఏం జరిగిందంటే..

దక్షిణ కొరియాలో ప్రతి పౌరుడికీ 13 అంకెల రెసిడెంట్ నంబర్ ఉంటుంది. పుట్టిన తేదీ కూడా అందులోనే తెలిసిపోతుంది. పెద్ద వెబ్‌సైట్లలో కామెంట్ రాయాలంటే అసలు వ్యక్తి ఎవరో నిర్ధారించుకోవాలని 2007లో అక్కడ రూల్ తెచ్చారు. వెబ్‌సైట్లు, గేమ్ కంపెనీల దగ్గర కోట్ల మంది రెసిడెంట్ నంబర్లు పోగుపడ్డాయి.

2011 జూలైలో నేట్, సైవరల్డ్ సైట్లపై హ్యాకర్లు దాడి చేశారు. సుమారు 3.5 కోట్ల మంది వివరాలు పోయాయి. అప్పటికి ఆ దేశ జనాభానే దాదాపు 5 కోట్లు! అదే ఏడాది నవంబర్‌లో నెక్సాన్ కంపెనీకి చెందిన మేపుల్‌స్టోరీ గేమ్ వంతు వచ్చింది. 1.32 కోట్ల మంది ఆటగాళ్ల సమాచారం చోరీ అయింది. నంబర్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఉంచామని కంపెనీ చెప్పినా జనానికి నమ్మకం కుదరలేదు. చివరికి 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం అసలు పేరు రూల్‌ను కొట్టేసింది. వెబ్‌సైట్లు రెసిడెంట్ నంబర్లు సేకరించకుండా కట్టడి కూడా అదే ఏడాది మొదలైంది.

పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ, ముఖం, ప్రభుత్వం ఇచ్చిన నంబర్ పోతే మాత్రం అంత తేలిగ్గా మార్చుకోలేం. అసలు సమస్య అంతా ఇక్కడే ఉంది.

2025లో డిస్కార్డ్‌లో అదే కథ

గేమర్లు ఎక్కువగా వాడే చాట్ యాప్ డిస్కార్డ్. వయసు విషయంలో తమ అకౌంట్‌పై తప్పు నిర్ణయం తీసుకున్నారని అనుకునేవాళ్లు గుర్తింపు కార్డు ఫొటో పెట్టి అప్పీల్ చేసుకోవచ్చు. ఆ అప్పీళ్లు చూసే పని వేరే సంస్థకు అప్పగించారు. 2025 అక్టోబర్‌లో డిస్కార్డ్ ఒక చేదు వార్త చెప్పింది. కస్టమర్ సపోర్ట్ చూసే బయటి సంస్థ ద్వారా డేటా లీక్ అయిందని, సుమారు 70 వేల మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని ప్రకటించింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. వాళ్లలో చాలామంది రూల్ తప్పినవాళ్లు కాదు. తమ వయసు నిజమేనని రుజువు చేసుకోవడానికి కార్డు పెట్టినవాళ్లు! నిజాయితీగా ఉన్నందుకే నష్టపోయారన్నమాట. పైగా వాళ్లు నమ్మింది ఒక కంపెనీని.. ఫొటోలు పోయింది ఇంకో కంపెనీ దగ్గర.

అలాగని వయసు అడగకపోతే?

అది ఇంకో ప్రమాదం. ఫోర్ట్‌నైట్ గేమ్ తీసిన ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబర్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లకు సెటిల్‌మెంట్ చేసుకుంది. ఇందులో 27.5 కోట్ల డాలర్లు పిల్లల ప్రైవసీ చట్టాన్ని ఉల్లంఘించారన్న ఆరోపణకు. పిల్లలకు కూడా వాయిస్ చాట్, టెక్స్ట్ చాట్ ముందే ఆన్ చేసి ఉంచారని, దాంతో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లతో పిల్లలు మాట్లాడాల్సి వచ్చిందని కమిషన్ చెప్పింది. మిగతా 24.5 కోట్లు ఆటగాళ్లకు రీఫండ్ కోసం. పొరపాటున ఒక బటన్ నొక్కినా డబ్బులు కట్ అయ్యేలా డిజైన్ చేశారన్నది అక్కడి ఆరోపణ.

2023 జూన్‌లో ఎక్స్‌బాక్స్ విషయంలో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. పిల్లలు అకౌంట్ తెరవడం మొదలుపెట్టి, తల్లిదండ్రులు దాన్ని పూర్తి చేయకపోయినా ఆ వివరాలను అవసరానికి మించి ఉంచుకున్నారన్నది ప్రధాన ఆరోపణల్లో ఒకటి. అంటే తీసుకోవడం ఒక్కటే కాదు.. తీసుకున్నది ఎన్నాళ్లు దాచారన్నది కూడా తప్పు కిందకే వస్తుందన్నమాట.

ముఖం చూసి వయసు చెప్పేస్తుందా?

కార్డు వద్దనుకుంటే ముఖం స్కాన్ ఉంది అంటున్నాయి కంపెనీలు. పిల్లలు ఎక్కువగా ఆడే రోబ్లాక్స్ ఇదే దారి పట్టింది. చాట్ వాడాలంటే కెమెరాతో వయసు అంచనా వేయించుకోవాలి. ఆ అంచనాను బట్టి 9 ఏళ్లలోపు నుంచి 21 పైన వరకు ఆరు గ్రూపులుగా విడదీస్తారు. పని అయిపోయిన వెంటనే ఫొటో, వీడియో డిలీట్ అవుతాయని కంపెనీ చెబుతోంది.

అయితే పిల్లల బదులు తల్లిదండ్రులే కెమెరా ముందు కూర్చోవడంతో పిల్లలు పెద్దల గ్రూపులోకి వెళ్లిపోయిన సందర్భాలు ఉన్నాయని కంపెనీయే ఒప్పుకుంది. బ్రిటన్‌లో 2025 జూలైలో వయసు తనిఖీలు మొదలైనప్పుడు ఇంకో తమాషా జరిగింది. డెత్ స్ట్రాండింగ్ అనే గేమ్‌లోని పాత్ర ముఖాన్ని కెమెరాకు చూపించి కొందరు స్కాన్‌ను బోల్తా కొట్టించారు! చైనాలో అయితే 18 ఏళ్లలోపు వాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ గేమ్ అని 2021లో రూల్ పెట్టారు. అక్కడా పెద్దవాళ్ల అకౌంట్లతో ఆడే పిల్లలు తయారయ్యారు. తాళం ఎంత గట్టిదైనా ఇంట్లోవాళ్లే తలుపు తీస్తే ఏం లాభం?

మన చట్టం ఏం చెబుతోంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో విడుదలయ్యాయి. కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన నిబంధనలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా టైమ్ ఉంది.

ముఖ్యమైన పాయింట్లు ఇవి..

- 18 ఏళ్లలోపు ఎవరైనా పిల్లల కిందే లెక్క. వాళ్ల డేటా వాడాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి కావాలి. ఆ అనుమతి నిజమో కాదో కంపెనీయే నిర్ధారించుకోవాలి.
- పిల్లలను ట్రాక్ చేయడం, వాళ్ల అలవాట్లపై నిఘా పెట్టడం, వాళ్లను టార్గెట్ చేసి యాడ్స్ వేయడం కుదరదు.
- పిల్లల విషయంలో రూల్ తప్పితే 200 కోట్ల రూపాయల దాకా, డేటాకు సరైన రక్షణ కల్పించకపోతే 250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు.
- దేశంలో 50 లక్షలకు పైగా యూజర్లు ఉన్న గేమింగ్ కంపెనీలు, మూడేళ్లు అటువైపు రాని యూజర్ల డేటాను తుడిచేయాలి. 48 గంటల ముందు ఆ యూజర్‌కు చెప్పాలి.

తల్లిదండ్రుల గుర్తింపును తేల్చడానికి డిజిలాకర్ లాంటి వాటి నుంచి వచ్చే వర్చువల్ టోకెన్ కూడా వాడొచ్చని రూల్స్‌లో ఉంది. ఇది కీలకం. కార్డు మొత్తం కంపెనీ చేతికి ఇవ్వకుండానే వయసు సరిపోతుందో లేదో చెప్పే వీలు దీంతో ఉంటుంది.

అమెరికాలో తల్లిదండ్రుల అనుమతి 13 ఏళ్లలోపు వాళ్లకే. మన దగ్గర 18. పదిహేడేళ్ల ఇంటర్ కుర్రాడు గేమ్ ఆడాలన్నా ఇంట్లో అడగాల్సిందేనా అని కొందరు ప్రశ్నిస్తున్నారు. పైగా ఎవరు పిల్లలో తెలియాలంటే పెద్దవాళ్లనూ చెక్ చేయాల్సి వస్తుంది కదా అన్నది ప్రైవసీ వాదుల సందేహం. ఆ వయసులోనే మోసాలకు ఎక్కువగా చిక్కుకుంటారు, ఆ మాత్రం కాపలా ఉండాల్సిందే అన్నది రెండో వైపు మాట.

రమ్మీ యాప్‌లకు ఇచ్చిన ఆధార్, పాన్ సంగతేంటి?

తెలుగు రాష్ట్రాలకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అప్పటి నుంచి ఇక్కడివాళ్లను ఆపడానికి యాప్‌లు లొకేషన్ అడగడం మొదలుపెట్టాయి. డబ్బు విత్‌డ్రా చేసుకోవాలంటే పాన్, బ్యాంక్ ఖాతా వివరాలు ఇవ్వాలి. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. ఇలాంటి గేమ్‌లు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్లకు మాత్రం శిక్ష లేదు. దాంతో పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి.

ఆట ఆగింది. కానీ ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదు. కేవైసీ కోసం ఇచ్చిన కాగితాలూ వాటంతట అవే చెరిగిపోవు. యాప్‌లోకి వెళ్లి అకౌంట్ డిలీట్ చేయమని విడిగా కోరాల్సిందే. పన్నులు, ఇతర చట్టాల కోసం కొన్ని రికార్డులు ఉంచాలని కంపెనీ చెప్పొచ్చు. అయినా అడిగితేనే ఏది ఉంచారో, ఏది తీసేశారో తెలుస్తుంది.

తల్లిదండ్రులు చేయాల్సిన పనులు

- ఇన్‌స్టాల్ చేసే ముందు ప్లే స్టోర్‌లో డేటా సేఫ్టీ అన్న భాగం చదవాలి. ఏ సమాచారం తీసుకుంటారో, ఎవరికి ఇస్తారో అక్కడ ఉంటుంది.
- ఆటకు అవసరం లేని కాంటాక్ట్స్, లొకేషన్, మైక్ పర్మిషన్లు ఆఫ్ చేయాలి.
- వాయిస్ చాట్ ముందుగా ఆపేసి, తెలిసిన స్నేహితులకే పరిమితం చేయాలి.
- పిల్లల బదులు పెద్దలు ముఖం స్కాన్ ఇవ్వొద్దు. అలా చేస్తే పిల్లలు వెళ్లేది పెద్దల గదిలోకే.
- ఆధార్ ఇవ్వక తప్పని చోట, వాళ్లు ఒప్పుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి.
- డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

వయసు చెక్ చేయాలా వద్దా అన్న దగ్గరే చర్చ ఆగిపోతే లాభం లేదు. చెక్ చేశాక ఏం మిగిలింది, అది ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు చెరిపేస్తారు.. కంపెనీలను అడగాల్సిన ప్రశ్నలు ఈ మూడే. సినిమా హాల్ గేటు దగ్గర టికెట్ చూసి లోపలికి పంపిస్తారు. ఇంటి కాగితాలు తీసుకుని బీరువాలో పెట్టుకోరు కదా! గేమ్‌ల విషయంలోనూ జనం కోరుకునేది అంతే.