వెలిగే విబ్రియో, చిన్న ఆర్‌ఎన్‌ఏ: విశాఖ తీరపు రొయ్యల హేచరీల నేపథ్యంలో ఒక విజ్ఞాన చరిత్ర

ఉపోద్ఘాతం

విశాఖపట్నానికి దక్షిణాన ఉక్కు కర్మాగారం ఉంది. నగరం నడుమ 1933లో ప్రారంభమైన రేవు ఉంది. ఉత్తరాన భీమునిపట్నం వైపు సాగే ఇసుక తీరం ఉంది. నగర చరిత్రలో మొదటి రెండింటికి దక్కినంత స్థానం మూడవదానికి దక్కలేదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) 1980ల చివర విశాఖ సమీపంలో టాస్పార్క్ పేరుతో రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ తరువాత తీరం పొడవునా ప్రైవేటు హేచరీలు వెలిశాయి. గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతాల చెరువులకు కావలసిన టైగర్ రొయ్య పిల్లలను ఉత్పత్తి చేయడం ఈ పరిశ్రమ పని.

సముద్రంలో పట్టిన తల్లి రొయ్య తొట్టిలో గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చిన డింభకాలు నాప్లియస్, జోయా, మైసిస్ దశలు దాటి పిల్లలవుతాయి. ఈ కొద్ది వారాలలో హేచరీని ఎక్కువగా భయపెట్టినది ఒక వెలుగు. రాత్రి దీపాలు ఆర్పి చూస్తే తొట్టిలోని డింభకాలు నీలి ఆకుపచ్చ కాంతితో మెరిసేవి. అటువంటి తొట్టి తెల్లవారేసరికి ఖాళీ అయినా ఆశ్చర్యం లేదు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ హేచరీలలో 1980లలోనే గుర్తించిన ఈ వ్యాధికి ప్రధాన కారకంగా విబ్రియో హార్వేయి అనే బాక్టీరియాను పేర్కొన్నారు.

బాక్టీరియాలోని చిన్న ఆర్‌ఎన్‌ఏల చరిత్రలో ఒక కీలక ఘట్టానికి ఆధారమైన జీవి కూడా ఇదే కావడం గమనార్హం. తీరంలో సాగిన పోరాటం, ప్రయోగశాలలో సాగిన అన్వేషణ దాదాపు సమకాలికాలు. అయినా అవి చాలాకాలం కలుసుకోలేదు. అందుకు ప్రధాన కారణం ఆ వెలుగును ఇద్దరూ రెండు విధాలుగా చదవడమే.

అనువాదం కాని ఆర్‌ఎన్‌ఏ

జన్యువులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా మారి, ఆపై ప్రోటీన్‌గా అనువాదమవుతుందన్నది పాఠ్యపుస్తకాల క్రమం. ప్రోటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏను చాలాకాలం సహాయక సామగ్రిగానే చూశారు. ఇ. కోలై బాక్టీరియాలో 6ఎస్ ఆర్‌ఎన్‌ఏ 1967లోనే కనిపించింది. అది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను అంటిపెట్టుకొని జన్యువుల పనిని మారుస్తుందని తేలడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. ఒక అణువు చేతిలో ఉండి కూడా దాని పని మూడు దశాబ్దాలపాటు తెలియకపోవడాన్ని పరికరాల కొరతతో మాత్రమే వివరించలేం. అడగవలసిన ప్రశ్న అప్పటికి రూపుదిద్దుకోలేదు.

1981లో ఒక ప్లాస్మిడ్ తన ప్రతుల సంఖ్యను ఆర్‌ఎన్‌ఏ-1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏతో నియంత్రించుకుంటుందని వెల్లడైంది. 1984లో మిజునో, చౌ, ఇనౌయే మిక్ఎఫ్ ఆర్‌ఎన్‌ఏను వివరించారు. ఇ. కోలై బాహ్యపొరలోని ఓఎంపీఎఫ్ అనే రంధ్ర ప్రోటీన్ సందేశ ఆర్‌ఎన్‌ఏతో అది జతకట్టి అనువాదాన్ని అడ్డుకుంటుంది. బాక్టీరియా క్రోమోజోమ్‌పైనే పుట్టి మరొక జన్యువును అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏకు అది తొలి ఉదాహరణ. ఇటువంటి జతకూర్పులు ఎన్నింటికో తోడ్పడే హెచ్ఎఫ్‌క్యూ ప్రోటీన్ 1968లోనే, క్యూబీటా అనే వైరస్ పునరుత్పత్తికి అవసరమైన ఆతిథేయ కారకంగా దొరికింది. దాని అసలు ఉద్యోగం తరువాత తెలిసింది. 2001లో మూడు పరిశోధక బృందాలు ఇ. కోలైలో జన్యువుల మధ్య ఖాళీలను గాలించి అనేక కొత్త చిన్న ఆర్‌ఎన్‌ఏలను బయటపెట్టాయి. అంతవరకు ఇది ప్రధానంగా ఇ. కోలై కథ.

వెలుగు లెక్క

1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ సముద్ర బాక్టీరియా ఒక నిర్దిష్ట సాంద్రతకు చేరిన తరువాతే వెలుగుతుందని చూపారు. ఒంటరి కణం వెలిగితే ప్రయోజనం లేదు. కణాలు విడుదల చేసే స్వయంప్రేరక అణువులు పోగుపడినపుడు గుంపు తన సంఖ్యను గ్రహిస్తుంది. దీనికి 1994లో కోరం సెన్సింగ్ అనే పేరు స్థిరపడింది. విబ్రియో హార్వేయిలో ఈ వ్యవస్థ మరింత జటిలమని బోనీ బాస్లర్ పరిశోధనలు చూపాయి. ప్రిన్స్‌టన్‌లో జీవకాంతిని అధ్యయనం చేసిన న్యూటన్ హార్వే పేరు మీదుగా ఆ బాక్టీరియాకు నామకరణం జరిగింది. బాస్లర్ ప్రయోగశాల కూడా ప్రిన్స్‌టన్‌లోనే ఏర్పడడం యాదృచ్ఛికం.

కణాలు పలుచగా ఉన్నపుడు లక్స్ఓ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది, వెలుగు ఆరిపోతుంది. అయితే లక్స్ఓ స్వభావరీత్యా జన్యువులను మేల్కొలిపే ప్రోటీన్. మేల్కొలిపేది ఆర్పడమెలా? నడుమ మరొక అణచివేత కారకం ఉండాలని పరిశోధకులు ఊహించారు. అది ప్రోటీనే అయి ఉంటుందన్నది సహజమైన అంచనా, కానీ ఎంత వెదికినా దొరకలేదు. లెంజ్, బాస్లర్, వారి సహచరులు ఎప్పుడూ చీకటిగా ఉండేలా మార్చిన లక్స్ఓ ఉన్న కణాలలో యాదృచ్ఛిక ఉత్పరివర్తనలు కలిగించి, తిరిగి వెలిగిన వాటిని ఏరారు. దెబ్బతిన్న జన్యువు హెచ్ఎఫ్‌క్యూదని తేలింది. హెచ్ఎఫ్‌క్యూ ఉందంటే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉండాలి. హార్వేయి జన్యుపటం అప్పటికి అందుబాటులో లేదు. అందువల్ల 2000లో పూర్తయిన కలరా బాక్టీరియా జన్యుపటంలో గాలించగా నాలుగు చిన్న ఆర్‌ఎన్‌ఏలు దొరికాయి. 2004లో వెలువడిన ఈ ఫలితంలో వాటికి క్యూఆర్ఆర్ అని పేరు పెట్టారు.

అవి అంతవరకు చిక్కకపోవడానికి కారణం ఆసక్తికరం. కలరా బాక్టీరియాలో నాలుగింటిలో ఏ ఒక్కటి మిగిలినా పని సాగుతుంది. ఒక జన్యువును చెడగొట్టి ఫలితం చూసే పద్ధతికి అవి అందవు. హార్వేయిలో ఐదు క్యూఆర్ఆర్‌లు ఉన్నాయని 2007లో తేలింది. అక్కడ అవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. ఐదింటి ప్రభావమూ కలిసి మొత్తమవుతుంది.

సుమారు 100 న్యూక్లియోటైడ్ల పొడవున్న క్యూఆర్ఆర్, హెచ్ఎఫ్‌క్యూ తోడ్పాటుతో లక్స్ఆర్ ప్రోటీన్ సందేశ ఆర్‌ఎన్‌ఏతో జతకడుతుంది. సందేశం ఛిద్రమవుతుంది. లక్స్ఆర్ లేనిదే వెలుగు జన్యువులు మేల్కొనవు. గుంపు పెరిగి స్వయంప్రేరకాలు నిండినపుడు లక్స్ఓ ఫాస్ఫేట్‌ను కోల్పోతుంది. క్యూఆర్ఆర్ తయారీ నిలిచిపోతుంది, లక్స్ఆర్ పోగుపడుతుంది, తొట్టి వెలుగుతుంది. 2015లో ఫెంగ్, సహచరులు క్యూఆర్ఆర్3 నాలుగు సందేశాలతో నాలుగు రకాలుగా వ్యవహరిస్తుందని చూపారు. ఒకదాన్ని ధ్వంసం చేసి తాను మిగులుతుంది. మరొకదానితో కలిసి తానూ నశిస్తుంది. వేరొకదాన్ని పట్టి ఉంచుతుంది. నాల్గవదైన ఏపీహెచ్ఏ సందేశపు అనువాదాన్ని ప్రోత్సహిస్తుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏను కేవలం అడ్డుకట్టగా వర్ణించే బోధన ఈ ఒక్క ఉదాహరణతోనే సవరణకు లోనవుతుంది.

తీరం చదివిన వెలుగు

హేచరీకి వెలుగు అంటే శత్రువు. శత్రువును చంపాలి. క్లోరాంఫెనికాల్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లను నీటిలో కలిపారు. 1994లో మంగళూరుకు చెందిన కరుణాసాగర్ బృందం భారతదేశపు హేచరీలో టైగర్ రొయ్య డింభకాల సామూహిక మరణాలకు అనేక యాంటీబయాటిక్‌లను తట్టుకునే హార్వేయి కారణమని ప్రకటించింది. మందు పనిచేయడం మానుకుంది. అయినా వాడకం వెంటనే ఆగలేదు. 2000ల తొలినాళ్లలో రొయ్యలలో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అవశేషాలపై యూరప్ మార్కెట్లలో కఠిన తనిఖీలు మొదలయ్యాకే నిషేధాలు పదునెక్కాయి. మందును ఆపించినది జీవశాస్త్రం కంటే వాణిజ్యం అనడం సమంజసం. 2009లో వ్యాధిరహిత వనామీ తల్లి రొయ్యల దిగుమతికి అనుమతి లభించడంతో టైగర్ రొయ్య చాలామటుకు వెనుకబడింది.

ప్రయోగశాల చదివిన వెలుగు వేరు. అది గుంపు తన సంఖ్యను ప్రకటించుకోవడం. అది వ్యాధి తీవ్రతకు సూటి కొలత కాదు. హార్వేయిలో ఆతిథేయ కణాలలోకి విషాన్ని చొప్పించే మూడవ రకం స్రావ వ్యవస్థను కోరం సెన్సింగ్ అణచివేస్తుందని 2004లో హెంకే, బాస్లర్ చూపారు. అంటే ఆ ఆయుధం గుంపు పలుచగా, చీకటిగా ఉన్నపుడు సిద్ధమవుతుంది. మరోవైపు ఘెంట్ విశ్వవిద్యాలయంలో డెఫోయిర్డ్, సహచరులు సూక్ష్మజీవరహితంగా పెంచిన ఆర్టీమియాపై పరీక్షించగా, కోరం సెన్సింగ్ వ్యవస్థ దెబ్బతిన్న హార్వేయి రకాల వ్యాధికారకత మారింది. కాబట్టి సందేశాలను చెడగొట్టి వ్యాధిని ఆపాలన్న వాదానికి ఆధారం ఉంది, హద్దు కూడా ఉంది. ఒక ఆయుధాన్ని దించిన చర్యే మరొకదాన్ని ఎత్తవచ్చు. వెలుగు లేని తొట్టిని క్షేమంగా భావించిన హేచరీ అలవాటు కూడా ఇక్కడే సందేహాస్పదమవుతుంది.

ఈ చరిత్రను రాసేవారికి మరొక చిక్కు ఉంది. క్యూఆర్ఆర్ పరిశోధనకు ఆధారమైన బీబీ120 రకం నిజానికి విబ్రియో క్యాంప్‌బెల్లి అని 2010లో జన్యుపటాల పోలికతో తేలింది. ఈ రెండు జాతులను సాధారణ జీవరసాయన పరీక్షలతో విడదీయడం కష్టం. అందువల్ల ఆ పరీక్షలపైనే ఆధారపడిన 1980, 1990ల హేచరీ నివేదికలలోని హార్వేయి అనే మాట కింద రెండు జాతులలో ఏదైనా ఉండవచ్చు.