ఒత్తిడి
కొత్తగూడ చుట్టుపక్కల ఆఫీసుల్లో స్ట్రెస్ అంటే డెడ్‌లైన్లు, అర్ధరాత్రి కాల్స్. ‘ఒత్తిడి ఇమ్యూనిటీని తినేస్తుంది’ అన్నది అక్కడ తరచూ వినబడే మాట. కణశాస్త్రంలోని ఒత్తిడి వేరు. ఒత్తు నుంచి పుట్టింది ఒత్తిడి. రాపిడి, తాకిడి దాని తోబుట్టువులు. కాళ్లొత్తడం, జంతికలు ఒత్తడం, ముద్ర ఒత్తడం: అన్నిటా చేతి బరువు ఉంది, మనసుకు అంటింది తర్వాతే. ఇంగ్లీషు మాటదీ అదే దారి: బిగించడమనే లాటిన్ మూలం నుంచి లోహాల లెక్కల్లోకి, 1936 నాటి ఎలుకల ప్రయోగాలతో మొదలుపెట్టిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే చేతుల మీదుగా వైద్యంలోకి. కణానికి ఒత్తిడంటే వేడి, ఆక్సిజన్ కొరత, వైరస్, దెబ్బతిన్న డీఎన్‌ఏ. వేడి తగిలిన పండ్ల ఈగ క్రోమోజోములు ఉబ్బడాన్ని శాస్త్రవేత్త రిటోస్సా 1962లో ప్రకటించాడు. వేడి దెబ్బకు కణం తయారుచేసుకునే హీట్ షాక్ ప్రోటీన్ల కథకు అదే మొదలు. ఒత్తిడిలో పడ్డ కణం మైకా అనే ప్రోటీన్‌ను పైపొర మీద నిలబెడుతుంది. రోగనిరోధక వ్యవస్థలోని ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణం తన ఎన్‌కేజీ2డీ గ్రాహకంతో దాన్ని గుర్తుపట్టి, ఆ కణాన్ని చంపగలదు. ఇక్కడ ఒత్తిడి రక్షణను మేల్కొలుపుతోంది. ఆ రక్షణను అణిచేది దీర్ఘకాలపు మానసిక ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్. ఇంత ఎడమున్న రెండిటికీ ఒకే మాట నాకు నచ్చదు. రైతుకు ఈ తికమక లేదు: పైరుకు నీరందకపోతే బెట్ట అన్నాడు, వ్యవసాయ శాస్త్రవేత్తలూ ‘బెట్టను తట్టుకునే రకం’ అనే రాస్తారు. రక్తానికి పోటు అన్నాం. వడదెబ్బ ఉన్న భాషలో కణానికి ‘కణదెబ్బ’ అనొచ్చు. నా రాతల్లో అదే వాడుతున్నాను.