నవ్వదగినదీ, నవ్వరానిదీ

చార్మినారునుండి నైరుతిదిశగా సాగితే బహదూర్‌పురా వస్తుంది. ఆ ప్రాంతంలోనే 19వ శతాబ్ది ఆరంభంలో కట్టిన మీర్ ఆలం చెరువు, ఇరవైయొక్క కమానుల కట్టతో నేటికీ నిలిచి ఉన్నది. 1963లో తెరచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల కూడా అక్కడిదే. సెలవుదినాలలో జిల్లాలనుండి వచ్చే కుటుంబాలు ఇక్కడ బస్సు దిగి, జామపండ్లవానితో వచ్చీరాని ఉర్దూలో బేరమాడి, పిల్లలకు పులిని చూపి, పొద్దువాలేసరికి వెనుదిరుగుతాయి.

అయినప్పటికీ పాతనగరమనగానే కనుబొమలు ముడిచేవారు కొందరున్నారు. వారిలో పెక్కుమంది ఇక్కడికి ఎన్నడూ వచ్చినవారు కారు. మతావేశమే ఈ పేటల స్వభావమన్న భావన వారికి వెండితెరవల్లనూ, వదంతులవల్లనూ కలిగినది. అందుచేత, మతోన్మాదాన్ని చలనచిత్రం ఏ విధంగా చూపవలెననే ప్రశ్నను ఇక్కడ నిలుచుండియే విచారించదలచాము.

2010లో ఇంగ్లండునుండి ‘ఫోర్ లయన్స్’ అనే చిత్రం వచ్చినది. దర్శకుడు క్రిస్ మోరిస్. షెఫీల్డు నగరంలో కొందరు యువకులు మతంపేరిట బాంబుదాడికి కుట్ర పన్నుతారు. వస్తువు నేరమే గాని కథ నడిచే తీరు హాస్యం. వారిలో ఒకడు కాకిచేత బాంబు మోయించవలెనని సాధన చేస్తాడు. తుదకు తానే పేలుడు పదార్థాలు మోస్తూ, గొర్రెకు తట్టుకొని పడి మరణిస్తాడు. మరొకడు, సాటి ముస్లిములకు కోపం తెప్పించడానికి మసీదునే పేల్చుదామంటాడు. ఇంతవరకూ మనం నవ్వుతాము. కాని చివర మారథాన్ పరుగులో, వింతవేషాల నడుమ, బాంబులు నిజంగానే పేలుతాయి. అప్పుడు నవ్వు గొంతులో అడ్డుపడుతుంది. అన్నిటికన్న చేదైన సంగతి మరొకటి. హింస కూడదని చెప్పిన నిష్ఠాపరుడైన సోదరుణ్ణే పోలీసులు నిర్బంధిస్తారు.

ఇది సీమదేశపు ముచ్చట అని తోసివేయడానికి వీలులేదు. ఇటువంటి కథ మన చరిత్రలోనే ఉన్నది.

లాతూరు న్యాయవాది ఖాసిం రజ్వీ 1946లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు అధ్యక్షుడైనాడు. అతని అనుచరులు రజాకార్లు. ఆ మాటకు స్వచ్ఛందసేవకులని అర్థం. వారి సేవ ఎట్టిదో తెలంగాణ, మరాఠ్వాడా గ్రామాలు కాలిన ఇండ్లతో చెప్పుకున్నాయి. రజ్వీ ప్రగల్భాలకు మేర లేదు. ఢిల్లీ ఎర్రకోటపై ఆసఫ్‌జాహీ పతాకం ఎగురుతుందన్నాడు. బంగాళాఖాతపు అలలు నిజాము పాదాలు కడుగుతాయన్నాడు. సముద్రతీరమే లేని సంస్థానంలో ఈ మాటకు చప్పట్లు మ్రోగినవి!

ఆ చప్పట్ల వెనుక కత్తులున్నాయి. షోయబుల్లా ఖాన్ ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడు. హైదరాబాదు భారతదేశంలో కలియవలెనని వ్రాసిన ముస్లిము. 1948 ఆగస్టు 19న జమ్రుద్ మహల్ సినిమాహాలులో జరిగిన సభలో, ఎదురుతిరిగే చేతులను నరకవలసినదేనని రజ్వీ హెచ్చరించాడు. వినోదం కొరకు కట్టిన మందిరంలో పలికిన ఆ పలుకు రెండురోజులకే నిజమైనది. 21వ తేదీ రాత్రి కాచిగూడలో, కార్యాలయంనుండి ఇంటికి వెళుతున్న షోయబుల్లాపై దుండగులు దాడిచేసి చేయి నరికారు. అడ్డువచ్చిన బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చేయి కూడా తెగినది. తెల్లవారేలోగా షోయబుల్లా ప్రాణాలు విడిచాడు. అప్పటికి అతనికి ఇరవైయెనిమిదేండ్లు నిండలేదు.

సెప్టెంబరు 13న భారతసైన్యం సరిహద్దులు దాటినది. 17వ తేదీన నిజాము దక్కన్ రేడియోలో మాట్లాడి, పోరాటం ఆపివేసినట్లు ప్రకటించారు. ఎర్రకోట ముట్టడి ఐదురోజులలో ముగిసినది! జెండా ఎగురవేయవలసిన వీరునికి చివరకు శిక్ష పడినది బీబీనగర్ గ్రామపు దోపిడీ కేసులో. 1953లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయపరచినది. 1957లో విడుదలై అతడు పాకిస్తానుకు వెళ్లిపోయాడు.

అతడు వెళ్లిపోయాడు, మూల్యం చెల్లించినవారు వేరు. పోలీసుచర్య అనంతరం జిల్లాలలో సామాన్య ముస్లిములపై సాగిన హత్యాకాండను సుందర్‌లాల్ సంఘం పరిశీలించినది. తక్కువలో తక్కువగా లెక్కించినా మృతులు 27 వేలనుండి 40 వేలవరకు ఉండవచ్చునని అంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజల కంటపడలేదు. 2007లో మక్కామసీదు ప్రేలుడు తరువాత పాతనగర యువకులు పలువురు నిర్బంధానికి గురియై, పిదప నిర్దోషులుగా బయటపడ్డారు. ఇంగ్లీషు చిత్రంలోని ఆ నిష్ఠాపరుడైన సోదరుడు మనకు అపరిచితుడు కాడు.

2024లో ‘రజాకార్’ అనే తెలుగుచిత్రం విడుదలైనది. అందులో రజ్వీ కేవలం భయంకరుడు. పల్లెలు అనుభవించిన భయం నిజమే. దానిని చూపడం తప్పు కాదు. కాని భయానకరసానికి ఒక దోషమున్నది. అది దుర్మార్గుణ్ణి కొండంత చేస్తుంది. ఆ కొండనీడ అతని వేషభాషలు గల ప్రతి పొరుగువానిమీదా పడుతుంది. హాస్యమైతే గురిచూసి కొడుతుంది. ప్రగల్భాన్ని పట్టుకొని, పలికినవాణ్ణే ఒంటరిని చేస్తుంది.

ఈ విద్య హైదరాబాదుకు కొత్తదీ కాదు. ‘జిందా దిలానె హైదరాబాద్’ సంస్థ ఏండ్ల తరబడి హాస్యసభలు నడిపినది. ముజ్తబా హుస్సేన్ హాస్యరచనలు ఉర్దూలోకమంతటా చదివారు. 2005 నాటి ‘ది అంగ్రేజ్’ చిత్రంలో చార్మినారువద్ద కోతలుకోసే ఇస్మాయిల్ భాయిని చూచి పాతనగరమే ముందుగా నవ్వినది.

అయితే నవ్వుకు హద్దు లేదా? ఉన్నది. హిట్లరును గేలిచేస్తూ 1940లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ తీసిన చాప్లిన్, నిర్బంధ శిబిరాల ఘోరాలు ముందే తెలిసివుంటే ఆ చిత్రం తీయగలిగేవాడిని కానని తరువాత వ్రాసుకున్నాడు. ఎర్రకోట ప్రగల్భం నవ్వదగినది. కాచిగూడ వీధిలో తెగిపడిన చేయి నవ్వరానిది. ఈ రెంటినీ ఒకే కథలో ఇమిడ్చి, ఏది ఏదో ప్రేక్షకునికి తెలియజేయగల దర్శకుడు మనకింకా రావలసి ఉన్నది.

అట్టివాడు వచ్చిననాడు, తన చిత్రాన్ని ముందుగా బహదూర్‌పురాలో ప్రదర్శించవలెనని మా కోరిక. జంతుప్రదర్శనశాల చూడవచ్చిన పల్లెవారూ, ఈ పేటవారూ పక్కపక్కన కూర్చుండి చూడవలె. వారందరూ ఒకేచోట నవ్వి, ఒకేచోట మౌనం వహించినట్లయితే, ఆ దర్శకుడు మన చరిత్రను సరిగా చదివినట్లే.