తెర మీద మిగిలే నీడలు

మన సభ్యులలో చాలామందికి ఉద్యోగం మధ్యలో కంప్యూటర్ ఎదురైంది. నల్లని తెర, ఆకుపచ్చ అక్షరాలు గుర్తుండే ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకే పట్టిక చూపిన తెరల మీద, కరెంటు తీసేసినా ఆ గీతలు మసకగా కనిపించేవి. దీనినే 'బర్న్-ఇన్' అంటారు. పేరులో కాలడం ఉన్నా, నిజానికి ఇది అరుగుదల.

1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించిన కాథోడ్ కిరణ గొట్టమే పాత టీవీలకు, మానిటర్లకు మూలం. గాజు లోపలి ఫాస్ఫర్ పూతను ఎలక్ట్రాన్లు తాకితే వెలుగు పుడుతుంది. ఎక్కువ పనిచేసిన చోట పూత త్వరగా సత్తువ కోల్పోతుంది. బొమ్మ మారుతూ ఉంటే తెరంతా ఇంచుమించు సమానంగా అరుగుతుంది. కదలకపోతే ఆ బొమ్మే మచ్చగా మిగులుతుంది.

దీనికి విరుగుడుగా, కాసేపు మీటలు నొక్కకపోతే తెరను చీకటి చేసే చిన్న ప్రోగ్రామును అమెరికాలో జాన్ సోచా 1983లో 'సాఫ్ట్‌టాక్' పత్రికలో ప్రచురించారు. స్క్రీన్ సేవర్‌కు నాంది అదే. 1989లో వచ్చిన 'ఆఫ్టర్ డార్క్'లో రెక్కల టోస్టర్లు ఎగిరాయి. రక్షణ కాస్తా వినోదమైంది.

తరువాతి రంగుల ప్లాస్మా టీవీలు కూడా ఫాస్ఫర్‌నే నమ్ముకున్నాయి గనుక ఆ జబ్బు వాటికీ సంక్రమించింది. ఎల్‌సీడీలో వెలుగు వెనుకనుంచి వస్తుంది. ద్రవ స్ఫటికాలు దానిని ఆపడం, వదలడం మాత్రమే చేస్తాయి. ఒక్కోసారి నీడ నిలిచినా చాలావరకు దానంతటదే పోతుంది. ఇక పీడ వదిలిందనుకునే సమయానికి ఓఎల్ఈడీ తెరలు వచ్చాయి. కొడాక్ సంస్థలో టాంగ్, వాన్ స్లైక్ 1987లో ప్రకటించిన పరిశోధన వీటికి పునాది. ఇందులో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ముసలిదవుతుంది. నీలి చుక్కలు అందరికంటె ముందు అలసిపోతాయి. 2017లో ఐఫోన్ 10 విడుదల చేసినప్పుడు, దీర్ఘకాలంలో స్వల్పంగా ఇలా జరగవచ్చని ఆపిల్ సంస్థే తెలియజేసింది.

రోజంతా ఒకే వార్తా ఛానల్ పెట్టుకునే మనవంటివారికి ఇది పట్టించుకోవలసిన విషయమే. మూలనున్న చిహ్నం, అడుగున పట్టీ కదలవు గదా! ఇంట్లోది ఎల్‌సీడీ అయితే దిగులు లేదు. ఓఎల్ఈడీ అయితే వెలుగు కొంత తగ్గించండి, ఛానళ్లు మారుస్తూ ఉండండి. చూడడం అయ్యాక రిమోట్‌తో ఆపి, గోడ స్విచ్ వెంటనే తీయకండి. అలాంటి టీవీలు చాలావరకు ఆపిన తరువాతే తమ చుక్కల అరుగుదలను సరిచూసుకుంటాయి. పిడుగుల వాన వచ్చినప్పుడు మాత్రం ప్లగ్గు పీకడమే క్షేమం.