భగత్ గడప నుంచి ఎర్రగడ్డ దాకా: మన తండాల్లో మనసు జబ్బు చరిత్ర

సేవాలాల్ మహరాజ్ జయంతి సంచిక అంటే మన తీజ్ గురించి, మన అద్దాల దుస్తుల గురించి, లదేణీ బండ్ల గురించి రాయడం ఆనవాయితీ. అవన్నీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మనం బయట మాట్లాడని సంగతి ఒకటి ఎత్తుకుంటున్నాను. తండాలో ఒకరికి మనసు చెదిరితే మన పెద్దలు దాన్ని ఏమనుకున్నారు, ఎక్కడికి తీసుకుపోయారు, ఇంటివాళ్లు ఏం చేశారు అన్నది.

1980లలో, జహీరాబాద్ దగ్గర మా తండాలో, మా మేనత్తకు కాన్పయిన పది రోజులకు నిద్ర పట్టడం మానేసింది. రాత్రంతా గుడిసె చుట్టూ తిరిగేది. పాప తనది కాదనేది. ఎవరో మార్చేశారని అరిచేది. కాన్పు తర్వాత కొందరు ఆడవాళ్లకు వచ్చే తీవ్రమైన జబ్బు అది అని ఇవాళ ఏ డాక్టరైనా చెబుతారు. ఆనాడు మా తాతకు తెలిసిన మాట ఒక్కటే, సోకింది అని. భగత్‌ను పిలిపించాడు.

భగత్ అంటే వట్టి మంత్రగాడు కాదు. ఇంట్లో ఎవరితో ఎవరికి పడదో, ఏ మొక్కు తీరలేదో, ఏ కోడలికి పుట్టింటి మీద బెంగో అతనికి తెలుసు. అతను అడిగే ప్రశ్నలకు ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబు చెప్పాలి. జబ్బు ఒక్కరిదే అయినా కూర్చునేది అందరూ. అందులో మంచి ఉంది. చెడు కూడా అక్కడే ఉంది. ఎవరివల్ల సోకింది అన్న ప్రశ్నకు ఒక పేరు రావాలి, ఆ పేరు చాలాసార్లు ఒంటరి వితంతువుది అయ్యేది. డాకణ్ అన్న మాట మన బోలీలో ఊరికే పుట్టలేదు. బంజారాల్లో భగత్ మంత్రగత్తెను చూపించడం, ఆమెను శిక్షించడం గురించి 1882లో బేరార్ వైపు అధికారి కంబర్లెజ్ రాశాడు, 1916లో రసెల్, హీరాలాల్ మళ్లీ రాశారు. వాళ్లు 1871 నేరస్థ జాతుల చట్టం నడిచిన కాలపు అధికారులు, మనల్ని అనుమానంతో చూసిన కళ్లు వాళ్లవి. వాళ్లు రాసిందంతా నమ్మనక్కర్లేదు. కానీ ఆ మాట మన ముసలమ్మలకు తెలియదని మాత్రం నేను అనలేను.

భగత్ వల్ల తగ్గకపోతే తర్వాతి మెట్టు గాణగాపూర్. కలబురగి జిల్లాలోని ఈ దత్తాత్రేయ క్షేత్రానికి గాలి సోకిందనుకున్నవాళ్లను మన వైపు నుంచి ఇప్పటికీ తీసుకుపోతారు. హారతి వేళ కొందరు స్తంభాలు పట్టుకుని ఊగుతారు, కేకలు పెడతారు. అక్కడ వాళ్లను ఎవరూ వింతగా చూడరు. మా తాత, నాయనమ్మ మా మేనత్తతో మూడు వారాలు అక్కడే ఉన్నారు. ఆమె కొంత నెమ్మదించింది. ఇది వట్టి భ్రమ అని కొట్టేయడానికి లేదు. తమిళనాడులో ఒక గుడిలో ఉండి వెళ్లిన 31 మందిని నిమ్హాన్స్ వైద్యులు పరీక్షించి 2002లో ప్రచురించారు. జబ్బు లక్షణాలు సగటున దాదాపు 20 శాతం తగ్గాయి. అక్కడ గొలుసులు లేవు, తోడుగా ఇంటివాళ్లున్నారు. అదే తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల కదలలేక 28 మంది చనిపోయారు. గుడి, దర్గా అన్నది కాదు తేడా. పక్కన ఎవరున్నారు, కాలికి ఏముంది అన్నదే.

ఎర్రగడ్డకు పోవడం మా తాతకు అన్నిటికన్నా కష్టమైంది. నిజాం రాజ్యపు పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది, 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. 1912 చట్టం ప్రకారం రోగిని బలవంతంగా చేర్చాలంటే మేజిస్ట్రేటు, పోలీసు మధ్యలోకి వచ్చేవాళ్లు. పుట్టుకతోనే దొంగలని ముద్ర పడ్డ జాతికి పోలీసు అనగానే జైలే గుర్తొచ్చేది. 1952లో ఆ ముద్ర తీసేశారు, భయం తీసేయలేదు. పైగా 'ఎర్రగడ్డకు పంపాలె' అన్నది మన తెలంగాణలో తిట్టు.

అయినా పోయారు. డాక్టరు తెలుగులో అడిగాడు. మేనత్త గోర్ బోలీలో చెప్పింది. మధ్యలో మా నాన్న. ఆమె అత్తింటి గురించి అన్న మాటలు కొన్ని మా నాన్న తెలుగులోకి తేలేదు. సిగ్గనిపించిందని చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పాడు. రోగి మాట ఇంటివాళ్ల నోటి గుండా డాక్టరుకు చేరేటప్పుడు ఎంత రాలిపోతుందో అప్పుడు తెలిసింది. ఇవాళ కూడా మన బోలీ తెలిసిన మనోవైద్యులు ఎందరున్నారు?

ఇంటివాళ్లను గేటు బయట నిలబెట్టకుండా లోపలికి పిలిచినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగితో పాటు కుటుంబాన్ని ఉంచాడు. డేరాల్లో పుట్టి పెరిగిన మన పూర్వీకులకు అది ఎంత సొంతంగా ఉండేదో అనిపిస్తుంది. 1960ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో మొదలుపెట్టిన స్కిజోఫ్రీనియా అధ్యయనంలో ఆగ్రా, ఇబాదాన్ రోగులు ధనిక దేశాల వాళ్లకన్నా బాగా కోలుకున్నట్టు తేలింది. తర్వాత చండీగఢ్ కుటుంబాలను లండన్ కుటుంబాలతో పోల్చితే, ఇక్కడ రోగిని దెప్పిపొడవడం తక్కువని కనిపించింది. వీటి మీద పండితుల్లో వాదాలున్నాయి. నా అనుమానం వేరు. ఆ కుటుంబం ఇప్పుడు ఇంట్లో ఉందా?

దసరా దాటితే మన జహీరాబాద్, నారాయణఖేడ్ తండాల నుంచి జంటలు చెరకు నరకడానికి కర్ణాటక, మహారాష్ట్రలకు పోతాయి. ఉగాది నాటికి గానీ రారు. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు. నెలనెలా గోలీలు తెచ్చుకోవాల్సినవాడు చెరకు తోటలో ఉంటే గోలీలు ఆగుతాయి. ఒకప్పుడు పెళ్లికూతురు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఢావ్లో పాడుతూ ఏడ్చేది, ఆ ఏడుపుకు రాగం ఉండేది, వినేవాళ్లుండేవాళ్లు. ఫంక్షన్ హాళ్లలో డీజే ముందు అది వినబడదు. ఆ బరువు ఇంకెక్కడో దిగుతుంది. కొందరికి కల్తీ కల్లులో. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మత్తుమందు అందక వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరినవాళ్లను తెలంగాణ అంతా చూసింది. అందులో దయ్యం ఏదీ లేదు.

2017 చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది, చికిత్సను హక్కు చేసింది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

మా మేనత్త కోలుకుంది. అడిగితే గాణగాపూర్ దత్తాత్రేయుడి దయ అంటుంది. మా నాన్న ఎర్రగడ్డ గోలీలంటాడు. ఆ ఎనిమిది నెలలు ఆ పాపకు మా తమ్ముడితో పాటు పాలిచ్చింది మా యాడి. ఆమెను ఎవరూ అడగలేదు, నేను కూడా మొన్నటిదాకా.