ఫ్రీటౌన్ బూరెలు, హుస్సేనీ ఆలం కడాయి

మా అమ్మావాళ్ళ ఇల్లు హుస్సేనీ ఆలంలో. చార్మినార్ నుంచి లాడ్ బజార్ పట్టుకుని పడమటికి నడిస్తే వచ్చే పాత బస్తీ. నేను మాత్రం అందరు సాఫ్ట్‌వేర్ వాళ్ళలాగే నగరానికి అటు చివర, గేటూ సెక్యూరిటీ ఉన్న అపార్ట్‌మెంటులో ఉంటాను. వారానికోసారి అమ్మ చేతి వంట తినడానికి ఇటు వస్తూంటాను.

నిరుడు మా ఇంటి పై వాటా ఖాళీ అయితే ఒక అమ్మాయి అద్దెకు దిగింది. ఊరు ఫ్రీటౌన్, దేశం సియెర్రా లియోన్. ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతోంది. ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆ పిల్ల మా వంటింట్లో ఉంది. బాగా మగ్గి తొక్క నల్లబడిన అరటిపళ్ళు చేత్తో మెదుపుతోంది. అందులో బియ్యప్పిండి, చక్కెర, చిటికెడు ఉప్పు, కాస్త జాజికాయ పొడి. చెంచాతో తీసి నూనెలో వేస్తే ఎర్రగా పొంగుతున్నాయి. మా అమ్మ ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "ఏందిరా, గివి మన బూరెలే గద!" అంది. ఆ పిల్ల నవ్వి, "నో ఆంటీ, దిస్ ఈజ్ బనానా అకారా" అంది.

ఎవరి మాట నిజం? ఆ రాత్రి నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. బగ్ దొరికితే ఎవరు కమిట్ చేశారో చూడటం అలవాటైన బుర్ర కదా. వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళాను.

ముందు అకారా సంగతి. అసలు అకారా పండుతో చేసేది కాదు, గింజలతో చేసేది. నైజీరియాలోని యోరుబా వాళ్ళ మాట అది. గింజల్ని నానబెట్టి, పొట్టు పులిమి తీసేసి, నీళ్ళు తక్కువ పోసి రుబ్బి, గాలి పట్టేదాకా గిలకొట్టి, ఉల్లిపాయా మిరపా కలిపి నూనెలో వేస్తారు. సోడా లేదు, ఈస్టు లేదు. పిండిలో చిక్కుకున్న గాలే వాటిని పొంగిస్తుంది. ఇది చదవగానే మీకు గారె గుర్తు రాకపోతే మీరు తెలుగువాళ్ళు కాదు. గారెపిండి రుబ్బేటప్పుడు మన అమ్మలు చిన్న ఉండ నీళ్ళలో వేసి తేలిందో లేదో చూస్తారే, ఆ పరీక్ష వెనక ఉన్నదీ ఈ గాలి లెక్కే. తేడా ఒక్క చిల్లులోనే.

ఇంతకీ ఆ గింజలేమిటో తెలుసా? బొబ్బర్లు! రాయలసీమ వాళ్ళ అలసందలు. నాటుకోడి పులుసులో నంజుకునే అలసంద వడ, మా తెలంగాణ బొబ్బెర గారె, లాగోస్ వీధుల్లో పొద్దున్నే వేసే అకారా, మూడింటిదీ ఒకే పప్పు. ఈ బొబ్బర్లు పుట్టింది మన దగ్గర కాదు. వీటిని మొదట సాగు చేసినవాళ్ళలో పశ్చిమాఫ్రికా రైతులున్నారు. ఘనాలో కింటాంపో సంస్కృతి స్థలాల తవ్వకాల్లో దాదాపు 3,700 ఏళ్ళ నాటి బొబ్బర గింజలు దొరికాయి. అరేబియా సముద్రం మీదుగా మన దేశానికి చేరడమూ ఇప్పటి మాట కాదు, మూడు వేల ఏళ్ళు పైబడింది.

ఒక్క బొబ్బర్లే కాదు. సజ్జలు సహారాకి దక్షిణంగా ఉన్న సాహెల్ నేల పంట. మాలీలో క్రీ.పూ. 2500 ప్రాంతపు సజ్జ గింజల ఆనవాళ్ళు బయటపడ్డాయి. జొన్నలు సూడాన్ వైపు నుంచి, రాగులు ఇథియోపియా, ఉగాండా కొండల నుంచి వచ్చాయి. మనం ఆంధ్రమాత అని పిలుచుకునే గోంగూర కూడా ఆఫ్రికా మొక్కే. చింతపండుకి అరబ్బులు "హిందూ ఖర్జూరం" అని పేరు పెట్టారు, టామరిండ్ అనే మాట అందులోంచే వచ్చింది, కానీ ఆ చెట్టుది కూడా ఆఫ్రికానే. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, చింతపండు చారు, సజ్జ బూరెలు, బొబ్బెర గారెలు. అచ్చ తెలంగాణ భోజనం అని ఫోటో తీసి పెట్టుకునే పళ్ళెంలో సగానికి పైగా వలస వచ్చిన సరుకే.

మరి ఆ పిల్ల గిన్నెలో ఉన్నదేమిటి? అరటిపండు, బియ్యప్పిండి. అరటి మొదట సాగయింది ఆఫ్రికాలో కాదు, న్యూగినీ, ఆగ్నేయాసియా వైపు. అక్కడి నుంచి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకి వెళ్ళింది. కామెరూన్‌లో క్రీ.పూ. 500 నాటి అరటి ఆనవాళ్ళు దొరికాయంటారు. ఆ తేదీ మీద పండితుల మధ్య వాదన ఉన్నా, వెళ్ళిన దిక్కు మీద మాత్రం లేదు. బియ్యం కథ ఇంకా తమాషా. పశ్చిమాఫ్రికా వాళ్ళు నైజర్ నది తీరాన తమదైన వరిని వేరే సాగు చేసుకున్నారు. మన ఆసియా వరి చాలా తర్వాత వెళ్ళి దాని పక్కన చేరింది. జాజికాయ ఇండోనేషియా ద్వీపాలది.

అంటే ఆ రోజు మా వంటింట్లో జరిగింది ఇది: "మన బూరెలే" అని అమ్మ గుర్తుపట్టిన దాంట్లో పండు తూర్పు నుంచి ఆఫ్రికా వెళ్ళి తిరిగొచ్చింది. అమ్మ ప్రతి శ్రావణంలో వేసే బొబ్బెర గారెలు ఆ పిల్ల ముత్తవ్వల పొలం నుంచి వచ్చాయి. ఇద్దరూ ఎదుటివాళ్ళ సరుకు పట్టుకుని మాది మాది అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే మరి.

అన్నట్టు, రెండు వైపులా తిన్న మనిషి ఒకాయన ఉన్నాడు. ఇబ్న్ బతూతా. 1333లో సింధు నది దాటి వచ్చి, ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీ ఉద్యోగం చేసి, ఇక్కడి విందుల్లో వడ్డించిన సంబూసాల గురించి రాశాడు. అదే మనిషి 1352లో సహారా దాటి మాలీ రాజ్యానికి వెళ్ళాడు. అక్కడ భూమిలోంచి తవ్వి తీసే చిక్కుడు గింజల్లాంటి వాటిని పిండి చేసి, బూరెల్లాగా నూనెలో వేయించడం చూసి రాసుకున్నాడు. అవి బంబారా వేరుశనగలని పండితులంటారు. బొబ్బర్లకి దగ్గర చుట్టం. మన మినుములూ పెసలూ కూడా అదే ప్రజాతి, విగ్నా. మన దగ్గర అంతకు రెండొందల ఏళ్ళ ముందే, కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో వటకాల ప్రస్తావన ఉంది. పప్పు నానబెట్టి రుబ్బి నూనెలో వేయాలన్న ఆలోచన ఒకరు ఇంకొకరికి నేర్పక్కర్లేదు. పప్పూ, రోలూ, నూనే ఉన్నచోట ఎవరికైనా తడుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. హైదరాబాద్, ఆఫ్రికా అనగానే సిద్దీల పేరు చెప్పి ముడి వేసేస్తారు. నగరానికి ఆ చరిత్ర ఉంది, కాదనలేం. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేరులో ఏసీ అంటే ఎయిర్ కండిషనింగ్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ, నిజాం అశ్వికదళం. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకి వచ్చిన దళం అది. 1948 పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యంతో పాటు అదీ పోయింది, వాళ్ళ వారసులు ఇక్కడే ఉండిపోయారు. పాతబస్తీ బరాత్‌లలో మోగే మర్ఫా వాయిద్యంలో యెమెన్ అరబ్బులతో పాటు వాళ్ళ చెయ్యీ ఉంది. మర్ఫా లేకుండా మా గల్లీలో ఏ మతం పెళ్ళీ సరిగ్గా జరగదు. గోల్కొండ నయా ఖిలాలో ఏనుగంత బోదెతో ఒక బావోబాబ్ చెట్టు ఉంది, చుట్టుకొలత 27 మీటర్ల పైమాటే. అదీ ఆఫ్రికా చెట్టే. కానీ సిద్దీల పూర్వీకులు ఎక్కువగా తూర్పు ఆఫ్రికా వాళ్ళు. మా పై వాటా అమ్మాయిది పడమటి కొస. మధ్యలో ఒక ఖండం ఉంది. నల్లగా ఉన్నవాళ్ళందర్నీ ఒకే సంచిలో వేయడం చరిత్ర రాయడం అనిపించుకోదు.

ఫ్రీటౌన్‌కి అకారా చేరిన దారి వేరే. 1792లో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు స్థిరపడిన ఊరది. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక, సముద్రంలో పట్టుబడ్డ బానిస ఓడల్లోంచి విడిపించిన యోరుబా జనాన్ని అక్కడ దింపారు. వాళ్ళతో పాటు అకారా దిగింది. పట్టుబడని ఓడల్లోది బ్రెజిల్ చేరి బహియాలో అకరాజె అయింది. తెల్లబట్టలు కట్టి వీధి మూలన అకరాజె వేసే ఆడవాళ్ళ వృత్తిని బ్రెజిల్ ప్రభుత్వం 2005లో జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. ఫ్రీటౌన్‌లో క్రియో జనం పోయిన పెద్దల కోసం అవుజో అనే విందు పెడతారు, అందులో అకారా ఉండాల్సిందే. మా అమ్మకి ఈ సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. మన తద్దినాల్లో గారెలు లేకుండా విస్తరి లేవదు కదా. "పెద్దలకు పెట్టుకుంటరన్నట్టు" అంది, అంతే. ఆ తర్వాత నాన్న తద్దినానికి ఆ పిల్లని భోజనానికి పిలిచింది.

చేసుకోవాలనుకునే వాళ్ళకి లెక్క చెప్తాను. బాగా మగ్గిన అరటిపళ్ళు నాలుగు, బియ్యప్పిండి కప్పున్నర, చక్కెర పావు కప్పు, చిటికెడు ఉప్పు, జాజికాయ కొంచెం. పళ్ళు పచ్చిగా ఉంటే బూరె గట్టిపడుతుంది. పిండి గారెపిండి కంటే ఒక్క పిసరు జారుగా ఉండాలి. పొడి పిండి కంటే అరిసెలకి కొట్టినట్టు తడిపిండి అయితే లోపల మెత్తగా వస్తుంది. మంట మధ్యస్థంగా ఉంచండి. పండులో చక్కెర ఎక్కువ కాబట్టి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చి మిగులుతుంది. మొదటి వాయి నేను అలాగే మాడ్చాను. మైదాలో ఈస్టు వేసి గంటసేపు పొంగనిచ్చి చేసే పఫ్-పఫ్ నైజీరియా వాళ్ళది, అందులోనూ అరటిపండు కలుపుతారు. మన మైసూరు బోండాకి తీపి తమ్ముడన్నమాట. పక్కింటి ఖాలా మాత్రం రెండూ చూసి, ఇవి పెళ్ళి ముందు రత్‌జగాకి మేం చేసే గుల్‌గులే అని తేల్చేసింది. ఆవిడ మాటా తీసిపారేయలేం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను దాచిన విషయం ఒకటుంది. ఆ అమ్మాయి మొదట అద్దెకి అడిగింది హుస్సేనీ ఆలంలో కాదు, మా అపార్ట్‌మెంటులో. ఒక ఫ్లాటు వాళ్ళు ఇస్తామన్నారు కూడా. అసోసియేషన్ మీటింగు పెట్టి, ఆఫ్రికన్లకి ఇవ్వకూడదని తీర్మానం చేశారు. కారణం అడిగితే "వాళ్ళ వంట వాసనలు, వాళ్ళ పద్ధతులు వేరు" అన్నారు. ఆ గదిలో ఇరవై మందిమి. సగం మంది అమెరికాలో ఇల్లు దొరక్క, మన పోపు వాసనకి పక్క ఫ్లాటు వాళ్ళు ఫిర్యాదు చేస్తే మనసు కష్టపెట్టుకున్నవాళ్ళమే. డాలస్‌లో నా మీదా ఆ ఫిర్యాదు వచ్చింది. అయినా ఆ రోజు నేను నోరు విప్పలేదు. ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. చెయ్యెత్తలేదు కాబట్టి నా తప్పు లేదని సర్దిచెప్పుకున్నాను. 2016 మేలో ఇదే నగరంలో పార్కింగ్ గొడవలో ఒక నైజీరియా విద్యార్థిని గాయపరిచారని చదివి ఆవేశపడ్డవాణ్ణి కూడా నేనే.

తర్వాత సిగ్గేసి అమ్మకి ఫోన్ చేశాను, పై వాటా ఇస్తావా అని. అమ్మ అడిగింది ఒకటే, "కిరాయి టైముకు ఇస్తదా?" ఇస్తుందన్నాను. "మరింకేంది?" అంది. పదో తరగతి దాటని మా అమ్మకి తెగిన లెక్క ఇంజనీర్లం ఇరవై మందికి తెగలేదు.

బొబ్బర్లని మూడు వేల ఏళ్ళ క్రితం రానిచ్చాం, గోంగూరని ఆంధ్రమాతని చేశాం. ఆ గింజల వెనకున్న మనుషులు వస్తే మాత్రం వాసన అంటున్నాం. వచ్చే నెల అసోసియేషన్ సర్వసభ్య సమావేశం ఉంది. ఆ తీర్మానం తీసేయాలని నేను రాసిచ్చాను, ఎజెండాలో ఏడో అంశం. నెగ్గుతుందన్న నమ్మకం లేదు. అమ్మని అడిగి ఒక డబ్బా నిండా అకారా పట్టుకెళ్తున్నాను. తిన్నాకే అవి ఎవరివో చెప్తాను.