నల్లమలలో దారి తెలిసినవాళ్లు

బైర్లూటిలో సఫారీ జీపు ఎక్కినవాళ్లు మొదట అడిగేది ఒకటే: పులి కనపడుతుందా? ముందు సీట్లో కూర్చున్న చెంచు ట్రాకర్‌కు ఆ ప్రశ్న అలవాటే. అడవిలో దారి చూపే పని వాళ్లకు సఫారీతో వచ్చింది కాదు. తాతముత్తాతల నాడే ఉంది, అప్పట్లో వెంట నడిచినవాళ్లు శివయ్య భక్తులు.

మాది ఆత్మకూరు. బస్సు రోడ్డు పడకముందు శివరాత్రికి శ్రీశైలం పోవాలంటే మా ఊరి మీదుగా నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటుకుంటూ కాలినడకనే పోవాలి. కొండెక్కే చోట రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మా అవ్వ పెళ్లయిన కొత్తలో ఆ దారిన పోయింది. ఏ చెలమలో నీళ్లున్నాయో, ఎక్కడ పొద్దుగూకక ముందే మకాం వేయాలో చెప్పింది చెంచులే. క్షేమంగా దాటించినందుకు యాత్రికులు వాళ్లకు రుసుం ఇచ్చేవాళ్లు.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవి సర్కారు సొత్తయింది. దారి కాచినవాళ్లకే నేరస్థులని ముద్ర వేసి పోలీసు నిఘాలో పెట్టారు. కృష్ణకు అవతల, నిజాం ఏలుబడిలో, ఫరహాబాద్ కొండమీద వేట బంగళా వెలిసింది. వేటగాడికి కావలసింది పులి ఒక్కటే. దాని జాడ తీసేందుకు, మంచె ఎక్కడ కట్టాలో చెప్పేందుకు అడవి ఎరిగినవాడు కావాలి. తుపాకీ పట్టినవాడి ఫొటోలు మిగిలాయి, జాడ తీసినవాడి పేరు చాలాచోట్ల మిగల్లేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 1940లో అమ్రాబాద్ పీఠభూమికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చెంచుల పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, వాళ్ల మధ్య తిరిగి 1943లో పుస్తకం అచ్చువేశాడు. వాళ్లు అడవిలో ఎలా బతికారన్నది అందులో కనపడుతుంది.

ఆ బతుకే అసలు సంగతి. చెంచులు పులి కోసం అడవి నేర్చుకోలేదు. నూలగడ్డల కోసం, తేనె కోసం, ఇప్పపువ్వు కోసం నేర్చుకున్నారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే మనిషీ వస్తాడు, ఎలుగుబంటీ వస్తుంది. ఎవరు ముందొచ్చారో చీకట్లోనే పసిగట్టకపోతే ప్రాణం పోతుంది. పెద్దతేనె తీయడానికి కొండచరియ మీంచి తాడు పట్టుకుని దిగేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిది. తోబుట్టువు పసుపు కుంకుమలు అతని చేతిలో ఉన్నాయి కాబట్టి వదలడని నమ్మకం.

ఒక పొద్దున ట్రాకర్ జీపు ఆపించి దుమ్ములో ఒక అడుగు చూపించాడు. గోళ్ల గుర్తు లేదు కాబట్టి రేచుకుక్క కాదు, పిల్లిజాతిదే. వేళ్లు కాస్త సాగి అడుగు పొడుగ్గా ఉంది కాబట్టి ఆడపులి. చుట్టూ దుమ్మంతా మంచుబొట్లు పడి సన్నగా గుంటలు పడింది, అడుగులో మాత్రం ఒక్క గుంటా లేదు. "మంచు పడినాక పోయినాది సార్, దూరం పోలేదు" అన్నాడు. అంతలో చుక్కల దుప్పి అరిచింది. అతను తల తిప్పలేదు. దుప్పి చిన్నదానికీ అరుస్తుందట. కాసేపటికి లోయలోంచి కణితి గట్టిగా ఒక్క కేక పెట్టింది, అప్పుడు లేచి నిలబడ్డాడు.

ఇదే విద్యను సర్కారు కూడా వాడుకుంది. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి రూపొందించిన పద్ధతిలో, 1972లో దేశమంతటా అడుగుజాడలు గీసుకుని 1,827 పులులని లెక్క తేల్చారు. నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. 2006 లెక్కకు కెమెరాలు దిగాయి, సంఖ్య 1,411కు తగ్గింది. అడుగును బట్టి పులిని విడివిడిగా గుర్తుపట్టడం కష్టమని, చారలు చూడటమే మేలని తేలింది. అది సరైన మార్పే. కానీ కెమెరా ఏ మలుపులో, ఏ కుంట దగ్గర కట్టాలో అడవి తిరిగినవాళ్లకే తెలుసు.

పులి జాడకు ఈ గిరాకీ ఉంది, చెట్ల సంగతి వేరు. మొసలి వీపులా పగుళ్లు దేరిన బెరడు నల్లమద్దిది. కొన్ని మానులు బొడిపెలా ఉబ్బిన చోట నీళ్లు దాచుకుంటాయి. ఎండాకాలం ఆకు రాల్చి తెల్లగా మెరిసేది తపసి. దాని జిగురు అమ్ముకుని ఎన్నో చెంచు కుటుంబాలు బతికాయి. గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టడంతో ఎన్నో మానులు ఎండిపోయాయి. జీపులో ఇవేవీ ఎవరూ అడగరు, డ్రైవరూ ఆపడు.

నేను గడ్డల గురించి అడిగితే ఆ ట్రాకర్ కుర్రాడు ఉన్నమాట చెప్పాడు: "మాకు పులి అడుగులే నేర్పించినారు సార్. తీగలన్నీ మాయమ్మకు ఎరిక." మర్నాడు ఆమెనే అడిగాను. గడ్డ తవ్వాక తీగ మొదలును కాస్త గడ్డతో సహా తిరిగి పూడ్చాలని, వానలు పడగానే అది మళ్లీ పాకుతుందని చెప్పింది. ఏ గడ్డ పచ్చిగా తినొచ్చో, దేన్ని ఉడకబెట్టి నీళ్లు పారబోయాలో వేళ్లమీద లెక్కపెట్టింది.

ట్రాకర్ల శిక్షణలో ఈ పాఠం ఉండాలని నా కోరిక. చెప్పవలసింది ఈ అమ్మలే. వాళ్లుండగానే మొదలుపెట్టాలి, ట్రాకర్లకు ఇచ్చినట్టే వాళ్లకూ జీతం కట్టివ్వాలి.